కాళ్లు కడిగిన నీళ్లు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు హుజూర్‌నగర్ కచేరీలో, ఒక నకలు సగం రాసి ఉండగా అందింది. కబురు తెచ్చినవాడు మా ఊరి గొర్లకాపరి. అతడు గడప అవతలే నిలబడి, తలకు చుట్టిన గుడ్డ విప్పి చేతిలో పట్టుకొని, "మీ అత్త పోయిందయ్యా. తెల్లారంగ పానం పోయింది. వంకాయ నారు ఇంక పెట్టనేలేదు" అన్నాడు. చావు కబురునూ నారు కబురునూ అతడు ఒకే ఊపిరిలో ఎందుకు చెప్పాడో మా ఊరివారికి వివరించనక్కరలేదు. తక్కిన పాఠకుల కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇటువంటి వ్యాసాలలో పోయినవారిని శాంతమూర్తులనీ, పరుష వాక్యం ఎరుగనివారనీ రాయడం ఆచారంగా వస్తున్నది. నేను ఆ ఆచారాన్ని పాటించలేను. మా మేనత్త పరుష వాక్యం తప్ప మరొకటి ఎరుగదు. ఇరుగుపొరుగు ఆడవారి చేతులను మొద్దు చేతులనేది. మా ఊరి పెద్దమనుషుల తలలను ఎండిన సొరకాయలతో పోల్చి, సొరకాయలోనైనా గింజలుంటాయని వెంటనే సవరించుకునేది. ఆమెకు లోకంలో చాలామంది మీద చులకన ఉండేది. అందులో అత్యధికులు ఆ చులకనకు పూర్తిగా అర్హులేనని, యాభైకి దగ్గరపడిన ఈ వయసులో, బాగా ఆలోచించిన మీదటనే చెబుతున్నాను.

నన్ను కూడా ఆమె విడిచిపెట్టలేదు. నేను పగలు బండి తోలి, రాత్రి బడిలో చదివి, పరీక్ష నెగ్గినవాణ్ణి. మీసం వచ్చిన తరువాత ఓనమాలు దిద్దినవాణ్ణి. ఇది నేను దాచుకునే సంగతి కాదు. ఎవరూ అడగకపోయినా చెప్పే సంగతి. పరీక్ష నెగ్గిన కబురు చెప్పడానికి నేను వెళ్లిననాడు ఆమె బీరగింజలు నానవేస్తున్నది.

"నెగ్గినవా?"

"నెగ్గిన అత్తా."

"అయితే ఇగ బండి తోలవు."

"తోలను. కచేరీల కొలువు దొరుకుతదట."

"మంచిదే బిడ్డా. అక్షరాలకు పురుగు వట్టదు, నీళ్లు పొయ్యనక్కరలేదు. నీడకు కూసోని చేసే ఎవుసం."

అని నవ్వి, గోడవారన కాసిన లేత బీరకాయలు నా పైగుడ్డలో మూటగట్టింది. ఆమె ఆశీర్వాదాలన్నీ ఆ తీరునే ఉండేవి. మొదట తిట్టు, తరువాత కూర.

ఆమె ఇంటి వెనుక ఒక జాగా ఉన్నది. రెండు మూడు బండ్లు పట్టేటంతటిది. ఆమె అత్తగారి నాటి నుంచీ అది కూరగాయల పెరడు. మా మామ పోయిన ఏడాది ఆ జాగా తన కోటింటిది, అనగా గడిది, అని మా ఊరి దొర అన్నాడు. ఎట్లా గడిదైందని అడిగే అలవాటు అప్పటికి మా ఊరికి లేదు. గడి మనుషులు వచ్చి, చిక్కుడు పందిరి పడగొట్టి, మొద్దులు పాతి, అక్కడ గడి బండ్లు నిలిపారు. గడి ముంగిట్లో బండ్లకు చోటు లేక కాదు. అక్కడ పూలతోట ఉన్నది. ఆ తోటలో కూర వండుకోవడానికి పనికివచ్చే ఆకు ఒక్కటి లేదు. ఒక మనిషి కంచంలోని కూర తీసి మరొక మనిషి పూలకు చోటు చేయడాన్ని మా ఊరు చాలా ఏండ్లు దొరతనమని పిలిచింది.

దొరల మీద తిరగబడిన సంఘం వచ్చిన కాలంలో దొర పట్నం పారిపోయాడు. ఎంత తొందరగా పారిపోయాడంటే, పూలకు నీళ్లు పొయ్యమని చెప్పడం కూడా మరిచిపోయాడు. సంఘం పిల్లలు వచ్చి, "అవ్వా, నీ జాగా నువ్వు తీసుకో" అన్నారు. వారిలో ఒకడు భూమిని గురించి ఉపన్యాసం మొదలుపెట్టగా, ఆమె అతని చేతికి గడ్డపార ఇచ్చి, "మాటలు తర్వాత జెప్పు గని, ముందుగాల గా మొద్దులు పీకు" అన్నది. బండి చక్రాలు తొక్కి రాయి చేసిన నేల అది. దానిని తవ్వి, తడిపి, గొర్రె ఎరువు వేసి, మళ్లీ మట్టి అనిపించుకునే స్థితికి తేవడానికి ఆమెకు ఒక ఏడాది పట్టింది.

తరువాత రజాకార్లు వచ్చారు. ఊరు సగం కాలింది. ఆమె పెరట్లో దొరికిన వంకాయలన్నీ తెంపుకొని పోయారు. చెట్లు పీకాలని మాత్రం వారికి తోచలేదు. "దోసుకునుడు గూడ సక్కగ రాదు ఈల్లకు" అని ఆమె తీర్పు చెప్పింది.

ఆ వెనుక పోలీసు చర్య జరిగింది. యూనియన్ సైన్యం లారీలు ఊళ్లోకి వచ్చినవి. ఆ లారీలు లేపిన దుమ్ములో మా దొర కూడా వచ్చాడు. పోయేటప్పుడు రుమాలు చుట్టుకొని పోయినవాడు, వచ్చేటప్పుడు తెల్లని ఖద్దరు టోపీ పెట్టుకొని వచ్చాడు. టోపీ కింది తల మాత్రం పాతదే. చావడి ముందు జనాన్ని కూడేశారు. సైన్యపు అధికారి కుర్చీలో కూర్చున్నాడు. సంఘం ఇప్పించిన జాగాలన్నీ ఎవరివి వారికి అప్పగించాలని గడి గుమాస్తా చదివి వినిపించాడు. మా అత్త వంతు వచ్చేసరికి ఆమె పెరట్లో వంకచెట్లు నిండు పూత మీద ఉన్నవి.

"మరి చెట్లనేం జెయ్యాలె? నెత్తిన వెట్టుకొని పోవాల్నా?" అని ఆమె అడిగింది.

జనం నవ్వారు. అధికారికి ఎవరో ఆ మాట తర్జుమా చేసి చెప్పగా అతడు కూడా నవ్వాడు. దానితో, అధికారి కళ్ల ఎదుట దయామయుడుగా కనబడాలన్న కోరిక దొరకు పుట్టింది. గుమాస్తా చెవిలో ఏదో చెప్పాడు. గుమాస్తా గొంతు సవరించుకొని, "పచ్చటి పైరును దొర ముట్టడు. జాగా మీద పచ్చటి మొక్క ఉన్నన్నాళ్లు నువ్వే ఉండు. ఖాళీ అయిననాడు గడికి ఒప్పజెప్పాలె" అన్నాడు.

"పచ్చటి మొక్క ఉన్నన్నాళ్లు" అని ఆమె మెల్లగా తిరిగి పలికింది. జనం వైపు తిరిగి, "అందరు ఇన్నరా?" అని అడిగింది. అందరూ విన్నామన్నారు.

దొర చిరునవ్వు నవ్వాడు. వంకచెట్టు ఎండాకాలానికి కట్టె అవుతుందని అతడు ఎవరినో అడిగి తెలుసుకొనే ఉంటాడు. ఎండాకాలానికి ముందు వసంతమని ఒకటి వస్తుందని, అప్పటికి కొత్త నారు నాటుతారని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. పూలు కోసుకోవడం తప్ప మొక్కతో మరే సంబంధమూ లేనివాడు మొక్కను సాక్షిగా పెట్టి మాట ఇచ్చాడు. పదిమంది ఎదుట, అధికారి ఎదుట ఇచ్చిన మాట గనుక వెనుకకు తీసుకోలేకపోయాడు. అతనికి నీతి ఉండి కాదు, పరువు ఉండి.

అది మొదలు మా అత్త బ్రతుకంతా ఒకే పనికి కుదురుకున్నది: ఆ జాగా ఖాళీ కాకూడదు. వానలలో, చలిలో ఆమెకు ఫికరు లేదు. గండమంతా ఫాల్గుణంలోనే. అప్పటికి పాత చెట్లు కాచి కాచి కట్టెబారుతాయి. కొత్త నారు వేళ్లు పట్టకముందే ఎండ ముదురుతుంది. ఆ పాతకూ ఈ కొత్తకూ నడుమ కాస్త ఎడం పడితే చాలు, గడి బండ్లు వచ్చి నిలబడతాయి.

మాఘంలో, చలి ఇంకా విడవకముందే, ఇంటి వెనుక గోడను ఆనుకొని నారుమడి కట్టేది. పాత గోడల మట్టి, చివికిన గొర్రె ఎరువు, జల్లించిన ఇసుక కలిపేది. చీమలు ఎత్తుకొని పోకుండా విత్తనాన్ని బూడిదతో కలిపి చల్లి, పైన గడ్డి కప్పేది. మొలక తల ఎత్తిన పూటనే గడ్డి తీసేది. ఆలస్యం చేస్తే మొలకలు సాగి పడిపోతాయి. "గడ్డి కింద వెలుతురు కోసం దేవులాడి మెడలు సాగుతయి. గడి ముంగట నిలబడెటోళ్ల లెక్క" అనేది. నారు ఒత్తుగా లేచినచోట పీకి పారేసేది. అప్పుడు ఆమె ముఖంలో జాలి కనబడేది కాదు.

"గిన్నిటిని పీకుతున్నవేందత్తా? పానమున్నయి గద" అని నేను ఒకసారి అన్నాను.

"నువ్వు సాదుకుంటవా? తీస్కపో. కచేరీల బల్ల మీద వెట్టుకో."

నాటడానికి ముందు కొన్నాళ్లపాటు నారుకు నీళ్లు తగ్గించేది. పగలు వాడి, పొద్దుగూకేసరికి మళ్లీ తల ఎత్తేటట్టు దానిని అలవాటు చేసేది. అప్పుడు కాడ పొట్టిగా, బిరుసుగా, ఊదారంగు తిరిగి ఉండేది. ఎరుగనివారికి అది చావబోయే నారులాగా కనబడేది. నాటేటప్పుడు పాత చెట్టును పీకేది కాదు. దాని మొదట్లో, సాయంత్రపు ఎండ తగలని దిక్కున చిన్న గుంత తీసి కొత్త మొక్కను పెట్టేది. పాత చెట్టు నీడన కొత్తది కుదురుకున్న తరువాతనే పాతదానిని కొడవలితో నేలమట్టంగా కోసేది. ఎప్పుడు నాటినా పొద్దు వాలిన తరువాతనే.

నాటిన మొక్కకు పగటిపూట మోదుగాకు దొన్నె బోర్లించేది. మోదుగ పూసే కాలానికి చెట్టు మీద ఆకు ఉండదు కనుక, చలికాలంలోనే ఆకు తెప్పించి, పుల్లలతో దొన్నెలు కుట్టి అటక మీద పేర్చుకునేది. ఎండ ఎక్కేవేళకు మూత, పొద్దు వాలేవేళకు తీత. ఒకసారి నేను తీయడం ఎందుకన్నాను.

"ఇది దొర నెత్తి మీది టోపీ అనుకుంటున్నవా, ఎన్నడు తియ్యకుండ ఉంచనీకి? పొద్దూకంగ తియ్యాలె. లేకుంటె లోపల కుళ్లుతది."

ఇక నీళ్ల సంగతి. మా వాడకు ఉన్న చేదబావి గడి గోడ పక్కనే ఉన్నది. ఆ బావి నీళ్లు తాగడానికి, వంటకు, ఒళ్లు కడుక్కోవడానికి తప్ప పెరళ్లకు తోడరాదని గుమాస్తా కట్టడి చేశాడు. మా అత్త ఒక్కదాని కోసం వాడందరి పెరళ్లు ఎండబెట్టిన ఆ కట్టడికి అతడు తనను తాను మెచ్చుకున్నాడని విన్నాను. ఆమె స్నానాల బండను పెళ్లగించి, పెరటి మొగదల నారుమడి పక్కకు జరిపించింది. బండ అంచు నుంచి సాళ్లలోకి సన్నని కాలువ తీసింది. అంట్లు అక్కడే, స్నానం అక్కడే, బియ్యం కడగడం అక్కడే. అదీ చాలనప్పుడు, ఇంటికి వచ్చిన ప్రతి మనిషినీ పెరటి దారినే రమ్మని, ఆ బండ మీద కాళ్లు కడిగించేది. కాళ్లు కడుక్కున్న తరువాతనే మాట.

ఆమెకు మర్యాదలు ఎక్కువయ్యాయని ఊళ్లో పేరు పుట్టింది. అది మర్యాద కాదు. తనకు ఇష్టమైనవారికి చెంబు ఇచ్చేది. గిట్టనివారికి బిందె ఇచ్చేది. పెరడు చూసిపోవడానికి తరచుగా వచ్చే గుమాస్తాకు ఎప్పుడూ నిండు బిందె దక్కేది. అంతటి గౌరవం గడిలో కూడా జరగని ఆ మనిషి, బండ మీద నిలబడి, పంచె ఎత్తిపట్టుకొని, మోకాళ్ల దాకా తీరికగా కడుక్కునేవాడు. "ముసలమ్మకు బుద్ధొచ్చింది" అని పదిమందితో చెప్పుకున్నాడు. తాను కట్టడి చేసిన బావి నీళ్లను తన కాళ్ల మీదుగానే పెరట్లోకి పారిస్తున్నానని అతనికి ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఇటువంటి బుర్రల కిందనే మేము తరతరాలు తలలు వంచుకొని బ్రతికామన్న సంగతి తలచుకుంటే నాకు కోపం కంటె సిగ్గు ఎక్కువ కలుగుతుంది.

చావడి ముందు మాట ఇచ్చిన తరువాత వచ్చిన మొదటి వసంతంలో గుమాస్తా నారు అడగడానికి వచ్చాడు. గడికి సైన్యపు అధికారులు భోజనానికి వస్తున్నారు. పూలతోటలో ఒక మూల కూరగాయలు పెట్టాలని దొరకు బుద్ధి పుట్టింది.

"నారు ఇయ్యి, గడికి" అన్నాడు.

"వెట్టి పోయిందన్నరు గద సాబు, చావడికాడ?"

"వెట్టి గాదు. ఇది అభిమానం."

"అట్లనా. అభిమానమైతే నువ్వే ఏరుకో."

నారుమడిలో బండ పక్కన, నీళ్లు పొర్లేచోట, కొంత నారు ఏపుగా, జానెడు ఎత్తున, నిగనిగలాడుతూ ఉన్నది. ఆమె దానిని పీకి పారేయాలని అనుకుంటున్నది. గుమాస్తా సూటిగా అక్కడికే పోయాడు. బుట్ట నిండా దానినే పెరికించి, "గివి బలంగున్నయి. గా పొట్టివి నువ్వు ఉంచుకో, ముసలిదానివి" అన్నాడు.

"నీ దయ" అన్నది మా అత్త. ఆమె నోట ఆ మాట నేను మొదటిసారీ చివరిసారీ విన్నది అప్పుడే.

ఆ నారును గడిలో మిట్టమధ్యాహ్నం నాటారు. పనిచేయించేవాడు ఆ వేళకు గాని నిద్ర లేవడు. మరునాటి సాయంత్రానికి అదంతా పిండి ఆరేయని బట్టలాగా నేల మీద పడిపోయింది. గుమాస్తా పళ్లు కొరుకుతూ వచ్చాడు.

"ఏం మందు వెట్టినవు నారుకు?"

"నేనేం వెట్టలే సాబు. నువ్వే ఏరుకున్నవు. నీళ్ల దాపున పెరిగినయి, ఎండ మొఖం చూడనియి. గడికి తగ్గ నారే. జర కాళ్లు కడుక్కో."

అతడు కడుక్కున్నాడు.

సంఘంవాళ్ల తుపాకుల కోసం సైనికులు ఇళ్లు వెతికిన రోజులవి. ఊరి బయట కాల్పులు వినబడుతూనే ఉండేవి. నలుగురు జవానులు ఆమె పెరట్లోకి వచ్చి, ఏదో పాతిపెట్టిందన్న అనుమానంతో సాళ్ల నడుమ తుపాకుల మొనకున్న సంగీనులతో పొడవడం మొదలుపెట్టారు. ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. ఆమె గుమ్మంలో కూర్చొని వక్క నములుతూ, "పొడువుండ్రి బిడ్డా, జర లోతుకు పొడువుండ్రి. మన్ను గుల్లగైతది. చెట్ల మొదళ్లు మాత్రం ఇడిచిపెట్టండ్రి" అన్నది. వారికి తెలుగు రాదు. పోయేటప్పుడు వారిలో ఒక పడుచువాడు రెండు వంకాయలు చూపించి అడిగాడు. ఆమె నాలుగు కోసి ఇచ్చింది. అతడు చెప్పకుండానే బండ మీద బూట్లు కడుక్కొని పోయాడు. మా ఊరికి వచ్చిన ప్రభుత్వాలన్నింటిలో ఆమె మెచ్చుకున్నది ఆ ఒక్క బూట్ల జతనే.

ఆ జాగా ఆమెదేనని స్థిరపరచవలసిందిగా నేను కొత్త ప్రభుత్వానికి ఒక అర్జీ రాశాను. అందులోని భాషను కచేరీలో నా పైవారు కూడా మెచ్చుకున్నారు. జవాబు రాలేదు. చిత్తుప్రతిని ఆమెకు చదివి వినిపించగా కళ్లు మూసుకొని శ్రద్ధగా విన్నది. "మంచిగ రాసినవు. ఇనెటోడున్నడా?" అని అడిగి, ఆ కాగితాన్ని తీసుకొని సొరగింజలు పొట్లం కట్టుకున్నది. నేను నొచ్చుకోలేదు. గింజలు చెడిపోలేదు, కచేరీకి పోయిన ప్రతి ఏమైందో ఈనాటి వరకు ఎవరికీ తెలియదు.

మిగిలిన నారును ఆమె వాడకట్టు ఆడవారికి పంచేది. పంచడమూ తిట్టడమూ ఒకేసారి జరిగేవి. ఎక్కువ తిట్లు తిన్నది ఎదురింటి కోడలు. "వేరు మడత వడ్తాంది, నీ కండ్లకు కనబడతలేదా? గట్ల నొక్కుతవేంది, అది నీ మొగని గొంతనుకున్నవా?" అని సాలుకు ఒక తిట్టు పడేది. ఆ అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూ మళ్లీ పెట్టేది. "తీస్కపో. సంపుకో పో" అన్న దీవెనతో ఇంటికి నారు కట్ట తెచ్చుకునేది. ఏటేటా వారు అట్లా తిట్లు తిని తెచ్చుకున్న నారే ఈనాడు మా వాడలో ప్రతి పెరట్లోనూ, వాడిన నీళ్లతోనే, కాస్తున్నది. ఎవరి ఇంట్లో వంకాయ కూర ఉడికినా అది మా అత్త విత్తనమే.

ఈ ఏడాది మాఘంలో ఆమెకు జ్వరం పట్టింది. నారు ఆలస్యంగా పోసింది. పాత చెట్లు ఆమెకోసం ఆగలేదు. నేను కబురు అందుకొని మధ్యాహ్నానికి ఊరు చేరేసరికి పెరట్లో అన్నీ కట్టెలే నిలబడి ఉన్నవి. నారుమడిలో నారు పొట్టిగా, ఊదాగా, దాహంతో తలలు వాల్చి ఉన్నది. ఆమె బ్రతికి ఉంటే ఆ సాయంత్రమే నాటేది.

ముందు వసారాలో ఏడుపులు సాగుతున్నవి. ఆమె ఉన్నన్నాళ్లు ఆమె గుమ్మం తొక్కనివారు ఎక్కువ గట్టిగా ఏడుస్తున్నారు. దొర గడి నుంచి ఒక కొత్త బట్ట పంపించాడు. తెల్లటిది. ఆయన టోపీ గుడ్డలాంటిదే. గుమాస్తా ఆ బట్టను స్వయంగా పట్టుకొని వచ్చి, పీనుగు మీద కప్పి, రెండు క్షణాలు తల వంచి, నేరుగా పెరట్లోకి నడిచాడు. నేను వెంట వెళ్లాను. అతడు ఒక పాత చెట్టు కొమ్మను వేళ్లతో విరిచాడు. అది పటుక్కున విరిగింది.

"ఎండిన కట్టె పైరు గాదు" అన్నాడు. "నారుమడి గోడ పక్కన ఉన్నది, జాగాల లేదు. నువ్వు కొరివి వెట్టెటోనివి. మైల తీరేదాంక నువ్వు నారు ముట్టగూడదు. కచేరీల కొలువు జేసెటోనివి, నీకు జెప్పాల్నా? రేపు పొద్దుగాల బండ్లొస్తయి."

అతడు ఆ మాటను చాలా మృదువుగా అన్నాడు. మా అత్తకు పిల్లలు లేరు. కొరివి నేనే పెట్టాలి. మైలచేతితో మొక్క నాటితే బ్రతకదని మా వైపు నమ్ముతారు. నాటినవానిని ఊరు క్షమించదు. అతడు చెప్పినదాంట్లో ఆచారానికి విరుద్ధమైనది ఒక్క ముక్క లేదు. అధికారి ఎదుట పచ్చటి మొక్కను సాక్షి పెట్టినవారు ఇప్పుడు పీనుగును సాక్షి పెట్టారు. ఎదురింటి కోడలు గుమ్మంలో నీళ్ల కడవతో నిలబడి ఉన్నది. ఆమె మమ్మల్నిద్దరినీ చూసింది, నారుమడిని చూసింది, లోపలికి వెళ్లిపోయింది.

పొద్దు కాస్త వాలిన తరువాత పాడె లేచింది. ఆడవారు పొలిమేర దాకా వచ్చి వెనుదిరిగారు. గుమాస్తా మగవారితో కూడా శ్మశానం దాకా నడిచాడు. వెనుకటి రోజులలోనైతే నడిచేవాడు కాడు. ఇప్పుడు ఓట్లు వస్తాయని అంటున్నారు. నేను నిప్పు పెట్టాను. ఆ మంట ముందు నాకు కలిగిన దుఃఖాన్ని ఇక్కడ రాయను. అది ఆమెకు నచ్చదు.

తిరిగి వచ్చేసరికి మసక పడుతున్నది. శ్మశానం నుంచి వచ్చినవారు కాళ్లు కడుక్కోకుండా ఇంటి దీపాన్ని చూడరాదు. ఆ ఇంట కాళ్లు కడుక్కునేచోటు ఒక్కటే. అందరమూ పెరటి దారి పట్టాము. నేను ముందు నడుస్తున్నాను. బండ దగ్గర ఆగిపోయాను.

నారుమడి ఖాళీగా ఉన్నది. ప్రతి ఎండు చెట్టు మొదట్లోనూ ఒక పొట్టి మొక్క నిలబడి ఉన్నది. ఎదురింటి కోడలు మోచేతుల దాకా మట్టితో చివరి సాలులో నుంచి లేచింది. ఆమె వెనుక వాడకట్టు ఆడవారందరూ ఉన్నారు. అటక మీది దొన్నెలు దించి, రేపటి ఎండకు సిద్ధంగా గోడవారన బోర్లించి ఉంచారు.

గుమాస్తా నా భుజం మీదుగా చూసి, "ఎవరు పెట్టిన్రు గివి?" అన్నాడు.

"మేమే సాబు" అన్నది ఎదురింటి కోడలు.

"మైల ఇల్లు గిది! తెల్వదా?"

"మైల ఆల్లకు. మా ఇంటిపేరు వేరే. మాకేం మైల?"

"పరాయి జాగాల మీరెట్ల పెడతరు?"

"పచ్చటి మొక్క ఉన్నన్నాళ్లు అన్నరు, చావడికాడ. ఎవరు పెట్టాలెనో అనలే. మేమందరం ఇన్నం."

కొరివి పెట్టిన ఇంటి గోత్రం వరకే లెక్క వేసుకొని వచ్చినవాడు గుమాస్తా. ఊళ్లో తక్కిన గోత్రాలు కూడా ఉన్నాయన్నది అతని లెక్కలోకి రాలేదు. అప్పుడు మా గొర్లకాపరి నిండు బిందె ఒకటి తెచ్చి బండ మీద పెట్టాడు.

"కాళ్లు కడుక్కో సాబు. పీనుగెంట పోయొచ్చినవు. కడుక్కోకుంట పోతే మంచిది గాదు."

అందరూ చూస్తున్నారు. ఒళ్లు కడుక్కోవడానికి బావి నీళ్లు తోడవచ్చునన్న కట్టడి అతనిదే. అతడు బండ ఎక్కాడు. పంచె ఎత్తిపట్టుకున్నాడు. గొర్లకాపరి పోస్తుండగా, తొందరతొందరగా, పాదాల దాకా మాత్రమే కడుక్కున్నాడు. ఆడవారిలో ఒక ముసలమ్మ, "మోకాళ్ల దాంక కడుక్కో బిడ్డా, ఎప్పట్లెక్కనే" అన్నది. దుఃఖపు ఇంట్లో నవ్వరాదు. అందరూ తలలు వంచుకున్నారు.

మరునాడు పొద్దున గడి బండ్లు వచ్చినవి. అప్పటికే ప్రతి మొక్క మీదా దొన్నె బోర్లించి ఉన్నది. బండ్లు సందులో కాసేపు నిలబడి, తిరగడానికి చోటు చాలక, వెనుకకు నడుచుకుంటూ పోయినవి. దీనిని గెలుపని నేను రాయను. దొరకు మరొక టోపీ దొరుకుతుంది, గుమాస్తాకు మరొక మాట దొరుకుతుంది. వచ్చే వసంతానికి నారు మళ్లీ పోయాలి.

నాటిన తీరును గురించి కూడా నిజమే చెప్పాలి. చీకటి పడుతున్న వేళ తొందరలో పెట్టిన మొక్కలవి. కొన్ని మరీ లోతుగా దిగినవి. ఒక సాలు వంకరపోయింది. మా అత్త చూసి ఉంటే మొద్దు చేతులని వాడ అదిరేటట్టు తిట్టేది. తిట్టవలసిన చోట్లను ఎదురింటి కోడలే నాకు వేలితో చూపించింది. "గీడ తిడుతుండె. గీడ గూడ" అంటూ సాలు పొడుగునా నడిచి, చివరకు వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నది. ముందు వసారాలో ఏడ్చినవారి ఏడుపులన్నింటిలోనూ నేను నమ్మినది ఆ ఒక్క ఏడుపునే.

ఈ వ్యాసాన్ని ఆ ఇంట్లోనే, మైలలో ఉండి రాస్తున్నాను. నేను నారు ముట్టరాదు, దొన్నె ఎత్తరాదు. ఆ పనులు ఆడవారు చూసుకుంటున్నారు. కాళ్లు కడుక్కోవడానికి మాత్రం మైల అడ్డు రాదు. గుమ్మం దాటి వీధిలోకి పోతాను, మళ్లీ వస్తాను. కాగితం మీద రెండు వాక్యాలు రాసి మళ్లీ పోతాను. వచ్చిన ప్రతిసారీ బండ ఎక్కి బిందె వంచుకుంటాను. నా కాళ్లు జన్మలో ఇంత శుభ్రంగా ఎన్నడూ లేవు. నీళ్లు బండ అంచు జారి, కాలువలో మట్టి రంగు తిరిగి, మొదటి సాలు దాకా మెల్లగా పోతాయి. మొదటి దొన్నె అంచు దగ్గర కాసేపు ఆగినట్టు ఆగి, దాని కిందికి ఇంకిపోతాయి.